నువ్వుగింజంత పసుపు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. రాత్రి షిఫ్టులో పవర్‌లూముల నడుమ నిలబడి వచ్చి, నడింట్లో చాప మీద గోడవైపు తిరిగి పడుకున్న బాపు సాంబయ్య. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న అవ్వ. గడప పక్కన కాళ్లు చాపుకుని కూర్చున్న బాపమ్మ కనకవ్వ, బాపును కన్నతల్లి, కళ్లలో శుక్లాలు ముదిరి మనిషిని గొంతును బట్టే పోల్చుకునే ముసలామె. బట్టల అర్రలో, మడతపెట్టిన చీరలనే విప్పి మళ్లీ మడతపెడుతున్న బాపు చెల్లెలు రోజారాణి అత్తమ్మ. ఆ అర్ర గుమ్మం పక్కన రాట్నం ముందు, బాపుకూ అవ్వకూ పుట్టిన బిడ్డ కోమల. కోమల డైరీలో ప్రతి పేజీ ఇట్లాగే మొదలవుతుంది. ఆరో తరగతిలో తెలుగు సారు చెప్పాడు, ఏం రాయాలో తోచనప్పుడు ముందు ఇంట్లో ఎవరున్నారో రాయండి, మిగిలింది దాని వెనకే వస్తుంది అని. పదో తరగతికి వచ్చినా ఆమె ఆ పద్ధతి మానలేదు. ఇప్పుడు డైరీ చేతిలో లేదు, అర్రలో బీరువా వెనక ఉంది. కుడిచేయి రాట్నం తిప్పుతోంది, ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి తెల్లదారం కండె మీదికి జారిపోతోంది, మనసు మాత్రం రాసుకుంటూనే ఉంది. ఐదుగురు. ఆరో మనిషి దారిలో ఉంది.

ఆరో మనిషి ఆసిఫాబాద్ దెబోరా టీచర్, అత్తమ్మ ఫోన్‌లో అమ్మే చీరలు కొన్న మనిషి. కొద్దిసేపటి కింద ఫోన్ చేసింది. అత్తమ్మ చేతులు ఖాళీ లేక ఫోన్ స్పీకర్‌లో పెట్టింది కాబట్టి అందరూ విన్నారు. రైలు దిగిందట, పెద్దపల్లి స్టేషన్ బయట ఆటో మాట్లాడుతోందట, గంటలో ఉంటుందట. అంతవరకు బాగానే ఉంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ చీరొకటి తెస్తున్న చెల్లె. దాని సంగతి ఎదురుంగనే మాట్లాడాలె" అంది. అత్తమ్మ చేతిలో చీర అట్లాగే ఆగిపోయింది. కోమల చేతిలో దారం తెగింది. తెగిన దారాన్ని ముడివేయడం ఆమెకు ఏడేళ్లప్పుడే వచ్చు, కళ్లు మూసుకున్నా వేస్తుంది, కానీ ఇవాళ మూడుసార్లు జారింది. వేలికొసను చూసుకుంది. గోటి సందులో పసుపు. నిన్న సాయంత్రంది. సబ్బుతో రుద్దినా గోటి మొదట్లో సన్నని గీతలా మిగిలింది. తెల్లదారం ఆ వేలి మీదుగానే పోవాలి. ఆమె వేలు మార్చింది. మార్చిన వేలికి అలవాటు లేక కండె ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా చుట్టుకుంటోంది. ఈ కండెలతో చీరలు నేసే కైలాసం తాత చూస్తే ఎవలు చుట్టిండ్రే దీన్ని అని అడుగుతాడు. అడగనీ. ఇవాళ అడగబోయేవాళ్ల ముందు కైలాసం తాత ఎంత.

దెబోరా టీచర్‌ను కోమల ఎన్నడూ చూడలేదు. ఫోన్‌లో చిన్న గుండ్రటి ఫొటోలో కళ్లద్దాలు, తెల్లచీర, వెనక ఏదో తలుపు. వాళ్ల మెథడిస్టు చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. పోయినేడాది గుడ్ ఫ్రైడేకు అందరూ ఒకే తీరు తెల్లచీరలు కట్టుకోవాలని పన్నెండు చీరలు ఒక్కసారే తీసుకుంది. ఆ రోజు అత్తమ్మ ఇంట్లో అందరికీ జిలేబీ తెచ్చింది. ఈ ఏడాది పండుగ వచ్చిపోయింది, ఒక్క చీర అడగలేదు. అత్తమ్మ పెట్టిన మెసేజీల కింద రెండు నీలం గీతలు వచ్చాయి, జవాబు రాలేదు. రెండు నెలలు. రెండు నెలలు పలకని మనిషి మూడు గంటలు రైల్లో కూర్చుని ఒక చీర పట్టుకుని వస్తోందంటే ఆ చీరలో ఏముందో కోమలకు తెలుసు. కొంగు కొసన, లోపలి మడతలో, కుట్టు పక్కన నువ్వుగింజంత పసుపు చుక్క ఉంది. ఆ చుక్క పెట్టింది తనే.

మొదట్లో బాపమ్మే పెట్టేది, బొటనవేలంత, అందరికీ కనిపించేటట్టు. కొత్తబట్ట ఇల్లు దాటుతోందంటే మూలకు పసుపు పడాల్సిందే, ఆమె అత్తగారి కాలం నుంచి అంతే, మగ్గం దిగిన ప్రతి చీరకూ అంతే. ఒకసారి ఏదో పట్నం నుంచి ఫొటో వచ్చింది, పసుపు చుక్క చుట్టూ ఎర్ర గుండ్రం గీసి. మరక ఉంది, వాడిన చీర అమ్మారు, వీళ్లను నమ్మకండి. దాని పక్కన రేటింగు నక్షత్రాల్లో ఒకటే వెలుగుతోంది, మిగతా నాలుగూ ఆరిపోయి ఉన్నాయి. అత్తమ్మ ఆ రోజు అన్నం తినలేదు. ఈ అర్రలోకి ఇక పసుపు రావద్దని బాపమ్మ మొహం మీదే చెప్పింది. మర్నాడు కోమల బడి నుంచి వస్తే బాపమ్మ మణికట్టు పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకుంది. ఆ పట్టు ఇంకా గుర్తుంది, ఎండిన చింతబెరడులాంటి చేయి, వదలదు. "పసుపు వెట్టని తెల్లబట్టను పీనుగ మీద గప్పుతరు బిడ్డా. పానమున్నోళ్లకిచ్చే బట్టకు చుక్కన్న వెట్టాలె. నాకు కండ్లు లేవు, చెయ్యి వణుకుతది. నీ చెయ్యి నా చెయ్యనుకో." కోమల కాదనలేకపోయింది. ఆమె ఎవరికి మాత్రం కాదని చెప్పింది. హాజరు పిలిచినప్పుడు కూడా పలకకుండా చేయి ఎత్తుతుంది. సారు రెండోసారి పేరు పిలుస్తాడు, వెనకబెంచి వాళ్లు ఉన్నది సార్ ఉన్నది అంటారు. బాపమ్మకు కాదని చెప్పలేదు, అత్తమ్మకు ఉన్నది చెప్పలేదు. అగ్గిపుల్ల కొసను తడిపి పసుపులో అద్ది, అత్తమ్మ టేపు కోసమో కత్తెర కోసమో అర్ర దాటినప్పుడు, కొంగు లోపలి మూలన ఒక్కసారి తాకించడం. అంతే. ఊపిరి పీల్చి వదిలేంత పని. డైరీలో కూడా దాని పేరు రాయలేదు, బాపమ్మ పని చేసిన అని మాత్రం రాసుకుంది, ఎన్ని పేజీల్లోనో.

గిరాకీ పోవడం అప్పుడే మొదలైందా, అంతకుముందా? కోమల ఎన్నిసార్లు లెక్కగట్టినా తన అగ్గిపుల్ల దగ్గరికే వచ్చి ఆగుతుంది. కరోనాలో భీవండిలో లూములు బందైతే అత్తమ్మ ఒక ఫోనూ రెండు సంచులూ పట్టుకుని పుట్టింటికి వచ్చింది. మామ అక్కడే ఉండిపోయాడు. కైలాసం తాత నేసిన తెల్ల నూలుచీరలు, అంచుకు అత్తమ్మ చేత్తో కుట్టిన సన్నపువ్వులు, జాకెట్ ముక్కలు, పువ్వులు కుట్టుకోవడానికి గీసిచ్చిన బట్టలు, వాటికి సరిపడా దారాలు. ఫొటో పెడితే చాలు, సాయంత్రానికి ఫోన్ మోగుతూనే ఉండేది. పోస్టాఫీసు రాజం సారు, మీ ఒక్క ఇంటికే ఒక రైలు పెట్టాలె రోజమ్మా అనేవాడు. ఇప్పుడు అదే రాజం సారు తోవలో కనిపిస్తే పార్సిల్ సంగతి ఎత్తకుండా బాపు ఆరోగ్యం అడుగుతున్నాడు. ఎందుకిట్లయింది అని అత్తమ్మ ప్రతి పూటా ఎవరో ఒకరిని అడుగుతుంది. అన్నం వడ్డిస్తూ అడుగుతుంది, తల దువ్వుకుంటూ అడుగుతుంది. అప్పుడు జనం ఇళ్లల్ల ఉండి కుట్టుకున్నరు, ఇప్పుడు ఎవరి పనుల మీద వాళ్లు పోయిండ్రు అంటాడు బాపు. జాకెట్ ముక్క కంటే టైలర్ కూలి మూడింతలైంది, ముక్క కొని ఎవరు కుట్టించుకుంటరు, రెడీమేడ్ తొడుక్కుంటరు అంటుంది అవ్వ. భీవండి నుంచి మామ ఫోన్‌లో, ఇప్పుడు పైసలు కట్టినోళ్ల ఫొటోలే పదిమందికి చూపెడతరట అన్నాడు. పక్కింటామె, పెద్ద పెద్ద యాప్‌లల్ల చీర మీ పార్సిల్ ఖర్చంత రేటుకే వస్తున్నది, నచ్చకపోతే వాపస్ తీసుకపోతరు అంది. ఇంటింటికీ ఒక దుకాణం తెరిచిండ్రు, అమ్మేటోళ్లే తప్ప కొనేటోళ్లు ఎక్కడున్నరు అని అత్తమ్మే మళ్లీ అంటుంది. రేటెంత అని అడిగి మాయమయ్యేవాళ్లను తలుచుకుని తిడుతుంది. అన్నీ విని చివరికి, ఏమో, నా చేతిలనే ఏదో తప్పున్నది అని లేచిపోతుంది. ఆ మాట అన్న ప్రతిసారీ కోమల కంచంలో కలిపిన ముద్దనే మళ్లీ కలుపుతుంది. నీ చేతిల లేదు అత్తమ్మా, నా చేతిల ఉన్నది. నోటి దాకా వస్తుంది. నీళ్లు తాగుతుంది.

చేతులు. ఊళ్లు ఊళ్లు తిరిగినవి ఆ చేతులే. ఫొటోలో చీర పట్టుకునేది కోమలే, కానీ మోచేతుల కింది వరకే. మొహం పెట్టనని చెప్పలేక ఏడిస్తే అత్తమ్మ సరే చేతులే రానీ అంది. ఎడమ బొటనవేలి మొదట్లో ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ కూడా వస్తుంది, అరటాకు ఆకారంలో. చేతులు ఎక్కడికి పోయినా ఆమెకు భయం లేదు. చేతులకు మాట్లాడే పని లేదు. అయితే పోయిన వారం అత్తమ్మ కొత్తది మొదలుపెట్టింది. ఇప్పుడు ఉత్త చేతులు ఎవలూ చూస్తలేరు, మనిషి మాట్లాడాలె, నవ్వాలె, పేర్లు పెట్టి పలకరించాలె, సోమవారం నుంచి లైవ్ పెడదాం, నువ్వే చెప్పాలె అంది. అప్పటి నుంచి కోమల సోమవారానికి రోజులు లెక్కపెడుతోంది. అద్దం ముందు నమస్తే అని చూసింది. పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు. ఒక్కోసారి అనిపిస్తుంది, ఇది శిక్షేనేమో, చేతులు పసుపు పెట్టిన సంగతి దాచింది కాబట్టి మొహాన్ని బయట పెట్టాలి. పండుగకో పబ్బానికో చుట్టాలొస్తే ఆమె దూరే చోటు బట్టల అర్రే. ఇంట్లో గొళ్లెం ఉన్న అర్ర అదొక్కటే. చీరల నడుమ కూర్చుని, గంజి వాసన పీలుస్తూ, బయటి మాటలు వింటూ రాసుకుంటుంది. ఇవాళ ఆ అర్రలో అత్తమ్మ ఉంది. దాక్కునే చోటులోనే తనను పట్టుకోబోయే మనిషి కూర్చుని ఉంది. చూస్తే నవ్వొచ్చేదే, ఇంకెవరి గురించైనా అయితే.

రాట్నం కిర్రుమంటోంది. నడింట్లో బాపు గురక ఒక లూములాగే, పోయేటప్పుడు ఒక చప్పుడు, వచ్చేటప్పుడు ఒక చప్పుడు. బయట ఎండ వాకిట్లోంచి అవ్వ పాదాల దాకా వచ్చింది. చెప్పేస్తే? ఇప్పుడే లేచి గుమ్మంలో నిలబడి అత్తమ్మా అని పిలిస్తే? పిలిచాక ఏం చెప్పాలి? పసుపు అన్న మాటతో మొదలుపెట్టాలా, బాపమ్మతోనా? బాపమ్మ పేరు చెప్తే ముసలామె మీద పడుతుంది. చెప్పకపోతే టీచర్ అందరి ముందూ కొంగు తిప్పి చూపిస్తుంది. అత్తమ్మ ఇక తనను అర్రలోకి రానియ్యదు. చీర మడతపెట్టనియ్యదు. తిట్టదు కూడా. పసుపు రావద్దన్న రోజు బాపమ్మతో వారం రోజులు మాట్లాడకుండా ఉందే, అట్లా ఉంటుంది. కోమల లేచింది. లేచినట్టు అనుకుంది. చూసుకుంటే రాట్నం ముందే ఉంది, చేయి తిరుగుతూనే ఉంది. బాపమ్మ తల ఇటు తిప్పి, ఆటో చప్పుడిని ఇంటిల్లిపాది కంటే ముందే విని, మెల్లగా అంది.

"వచ్చిందే ఆమె. గట్ల వణుకకు, రాట్నం చప్పుడుల తెలుస్తున్నది."

దెబోరా టీచర్ ఫొటోలో కంటే చిన్నగా, లావుగా ఉంది. గడపలో చెప్పులు విడిచి, వందనాలమ్మా అని బాపమ్మ రెండు చేతులూ పట్టుకుంది. అవ్వ ఇచ్చిన నీళ్లు నిలబడే తాగింది, రైలు ఎంత ఆలస్యమైందో చెప్పింది, ఆటోవాడు దారి తప్పించిన కథ చెప్పింది. బాపు నిద్రలోంచి లేచి కూర్చుని చొక్కా కోసం వెతుక్కున్నాడు. కోమల గోడకు అంటుకుని, గోడలోకి పోవడానికి ఉన్న దారులన్నీ ఆలోచిస్తోంది. టీచర్ సంచిలోంచి ఒక చీర తీసి మంచం మీద వేసింది. ఆ తర్వాత ఇంకొకటి తీసింది. రెండూ తెల్లవే. రెండింటికీ అదే అంచు, అవే పువ్వులు. ఒక చీర తెస్తానన్న మనిషి రెండు ఎందుకు తెచ్చింది?

"వీటిల నీదేదో చెప్పు రోజా."

అత్తమ్మ రెండింటి మీదా చేయి పెట్టింది. ఒకదాని మీద చేయి ఆగింది, ఇంకోదాని మీద జారింది. జారినదాన్ని వేళ్ల మధ్య నలిపి, ఇది నూలే కాదు, పువ్వులు కూడా కుట్టినవి కావు, అచ్చు కొట్టినవి అంది. టీచర్ కూర్చుని అప్పుడు మొత్తం చెప్పింది. పండుగకు ముందు వాళ్ల సమాజంలో ఎవరో ఫోన్‌లో ఒక ఫొటో చూశారట. అదే చీర, అవే చేతులు, బొటనవేలి కింద అదే మచ్చ, రేటు మాత్రం సగం. అదే దుకాణం రేటు తగ్గించిందనుకుని పదిహేను మంది తెప్పించుకున్నారట. మొదటి ఉతుకులోనే పువ్వులు కరిగి చీరంతా పాకాయట. నీ రోజారాణి మోసం చేసింది అని ఆడవాళ్లందరూ టీచర్ ఇంటి మీదికి వచ్చారట. ఆమె కూడా నమ్మింది. అందుకే పలకలేదు. పోయిన వారం పెట్టె సర్దుతుంటే పోయినేడాది పన్నెండింటిలో కట్టకుండా దాచిన చీర ఒకటి బయటపడిందట. ఆమె మంచం మీది నూలుచీర కొంగు అందుకుని, లోపలి మూలను పైకి తిప్పింది. కోమలకు చెవుల్లో రాట్నం తిరిగింది.

"గిది సూడు, పసుపు" అంది టీచర్. "కడమ పదకొండు మందిని అడిగిన. మాకూ ఉండె టీచర్, ఎండల ఆరేస్తే పోయింది అన్నరు. మోసం చీరల ఒక్కదానికన్న లేదు. గప్పుడు తెలిసింది నాకు. నీ ఫొటో ఎత్కపోయిండ్రు గని, దీన్ని ఎట్ల ఎత్కపోతరు? ఫొటోల కనపడితే గదా. నిన్ను ఉత్తగ అనుమానించిన చెల్లె, మొకం జూసి చెప్పాలని వచ్చిన."

అత్తమ్మ పసుపు చుక్కను చూసింది, బాపమ్మను చూసింది. ఆటో చప్పుడు ఊరి పొలిమేరలోనే విన్న బాపమ్మకు ఇప్పుడు ఏమీ వినిపించడం లేదు. తల గోడకు ఆనించి కళ్లు మూసుకుని నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. అత్తమ్మ చూపు గోడ వెంట వచ్చి కోమల దగ్గర ఆగింది. వచ్చి ఆమె కుడిచేయి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే విప్పి, గోటి మొదట్లో పచ్చగీతను చూసింది.

"ఎన్ని దినాల సంది వెడుతున్నవ్?"

"ఒక్క చీరన్న ఇడువలే" అంది కోమల. ఆ రోజు ఆమె నోటి నుంచి బయటికి వచ్చిన మొదటి మాట అదే. వచ్చిన తర్వాత ఇక ఆగలేదు, తన వల్లే గిరాకీ పోయిందని, చెప్పాలనుకున్నానని, నీళ్లు తాగానని, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ.

"గిన్ని దినాలు గిదే మోసుకున్నవా?" అత్తమ్మ ఆమె చేయి వదల్లేదు. "గిరాకి నీ పసుపుతోని పోలే, పిచ్చిదానా. పొయ్యేతందుకు సవాలక్ష కారణాలున్నయి."

ఏదో బరువు దిగుతుందనుకుంది కోమల. ముందు నవ్వు వచ్చింది, తర్వాత ఆకలి. పొద్దున ఏమీ తినలేదని ఇప్పుడు తెలిసింది. వాకిట్లో ఎండ ఇందాకటిదే, బాపు చొక్కా దొరక్క తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు, అవ్వ బీడీల చాట పక్కన పెట్టి ఎప్పుడో లోపలికి వచ్చి నిలబడింది, ప్రతిదీ దాని చోటులో ఉంది. అవతలి మాటలు నీళ్ల అడుగు నుంచి విన్నట్టు వినిపిస్తున్నాయి. పోయిన గిరాకీ రాదు అక్కా, ఫిర్యాదు పెడితే ఆ ఫొటో తీసేస్తరట, మళ్లా ఇంకో పేరుతోని పెడతరట అంటోంది అత్తమ్మ. మావాళ్లు ఇగ ఫోన్ల ఏదీ కొనమంటుండ్రు, చేతుల పట్టి చూసి తీసుకుంటమంటుండ్రు, మూట కట్టుకొని నువ్వే రా, వచ్చే శనివారం మా సమాజం కూడుతది, ఆడికెళ్లి జైనూర్ దిక్కు కూడా తోల్కపోత అంటోంది టీచర్. మూట నెత్తిన పెట్టుకుని తిరగడమే అయితే భీవండి నుంచి ఫోన్ ఎందుకు తెచ్చుకున్న అని అత్తమ్మ నవ్వింది. ఆ నవ్వులో కొంచెం ఏడుపు ఉంది. ఎక్కడో ఎవరి ఫోన్లలోనో కోమల చేతులు ఇంకా దొంగచీర పట్టుకునే ఉన్నాయి. ఉండనీ. అవి ఉత్త ఫొటో. వేలికి పసుపంటినవి ఇక్కడున్నాయి. అత్తమ్మ తెచ్చి పరిచిన చీరల్లోంచి టీచర్ తనవాళ్లకని పదకొండు ఏరి పక్కన పెట్టింది. వీటికీ చుక్క పెట్టుమను పిల్లను, లోపలి దిక్కే, పాస్టరమ్మ కండ్లవడకుంట అంది. నీ చీరకు గుర్తుండాలె గదా, ఎండల ఎట్లన్న పోతది అని కలిపింది. ఆ తర్వాత ఫోన్ తీసి, ఏది పిల్లా, చీర పట్టుకొని నిలవడు, ఆ చేతులు ఎవరియో మావాళ్లకు చూపిస్త అని కెమెరా కోమల మొహం మీదికి ఎత్తింది.

కోమల తల దించుకుంది. గడ్డం ఎదకు తగిలింది, చెవులు వేడెక్కాయి. సోమవారం ఇంత తొందరగా వచ్చేసింది అనుకుంది. అప్పుడు కెమెరాకూ ఆమెకూ నడుమ అత్తమ్మ వీపు అడ్డం వచ్చింది.

"ఒద్దక్కా. ఆమె మొకం ఆమెకే ఉండనీ." తల తిప్పకుండానే కోమలతో అంది, "సోమారం లైవ్ గిట్ల ఏం లేదు. పో."

అత్తమ్మ ఆమెను భుజం పట్టి అర్రలోకి నడిపించి, పదకొండు చీరలూ ఒళ్లో వేసింది. గడప దగ్గర బాపమ్మ కళ్లు మూసుకునే, నిద్రపోతూనే, నడుముకు దోపుకున్న వక్కల సంచిలోంచి చిన్న రేకుడబ్బీ తీసి గాలిలోకి చాపింది. అత్తమ్మ దాన్ని విసురుగా లాక్కుంది, తెచ్చి కోమల అరచేతిలో పెట్టింది.

"నువ్వుగింజంత. ఎక్కువైతే చేతులు విరగ్గొడ్త" అని, ఫోన్ ఇంకా చేతిలోనే ఉన్న టీచర్ వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరికేసి బయట గొళ్లెం పెట్టింది.